మూగగోడ మీద రొట్టె

“తాతా, కొంచెం పక్కకి జరుగుతావా? నా జలపాతంలో నిలబడుకోని ఉండావు,” అంది ఆ అమ్మాయి. మర్యాదగానే అంది.

పెంచలయ్య వెనక్కి తిరిగి చూశాడు. అతనికి కనిపించింది గోడ మాత్రమే. స్వర్ణాల చెరువు కట్ట మీద, బస్సులు ఆగే చోటు నుంచి దర్గా మలుపు దాకా ఒకే గోడ, ఒకే రంగు. తడి ఆరని సిమెంటు రంగు. అతను నాలుగడుగులు జరిగాడు. అక్కడ బస్సు కోసం నిలబడ్డ నడివయసు మనిషి గొంతు సవరించుకుని, సరిగ్గా అక్కడే తన మేనత్త కూర్చుని వక్కాకు వేసుకుంటోందని, ఆమెకు అడ్డం రావద్దని చెప్పాడు. పెంచలయ్య ఇంకొంచెం జరిగాడు. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు.

నెల్లూరులో అది మామూలు పొద్దు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా గోడకేసి చూస్తున్నారు. ఒకరు నవ్వుతున్నారు. ఒకరు చెంపలు తుడుచుకుంటున్నారు. ఒక ముసలాయన గోడకు దణ్ణం పెట్టుకుంటున్నాడు. ఒకరివైపు ఒకరు చూడటం లేదు. చూడాల్సిన పని లేదు.

చూపుపొర వచ్చి ఒక తరం దాటింది. ఉల్లిపొర కంటే పలచగా ఉంటుంది. కంటి నల్లగుడ్డు మీద అంటిస్తే చాలు, ఆ తడి సిమెంటు రంగు, అంటే మూగరంగు, ఎక్కడ కనపడితే అక్కడ ఆ మనిషికి నచ్చిన బొమ్మ నింపుతుంది. దాన్ని నోరు తెరిచి అడగక్కరలేదు. కన్ను దేని దగ్గర ఆగింది, దేన్ని చూసి మెరిసింది, దేన్ని చూసి తప్పుకుంది, అన్నీ పొర కనిపెట్టుకుంటుంది. ఆగినదాన్ని పెంచుతుంది. తప్పుకున్నదాన్ని తగ్గిస్తుంది. మనుషుల్ని, బండ్లని, అన్నం పళ్ళేన్ని పొర ముట్టుకోదు. మూగరంగు మీదే దాని పని. అందుకనే బయటి గోడలన్నిటికీ మూగరంగే వేయాలని చట్టం వచ్చింది. వేరే రంగు చుక్క పడితే పొర దాన్ని నింపలేదు, ఆ చుక్క ఊరందరి చూపుల్లోనూ మచ్చలా తేలుతుంది. అట్లాంటి మచ్చలు లేకుండా చూడటానికి వార్డుకొక గోడల మేస్త్రీ ఉన్నారు.

పొర లేనివాళ్ళను పచ్చికళ్ళవాళ్ళు అంటారు. పెంచలయ్య వాళ్ళలో ఒకడు. పంతం పట్టి మానుకున్నది కాదు. గోడల మీద బొమ్మలు వేసి బతికినవాడు, టర్పెంటైన్ ఘాటుకు ఏళ్ళ తరబడి నీళ్ళు కారిన కళ్ళు అతనివి. పొర అంటించినప్పుడల్లా జారిపోయింది. చివరికి పొరకేంద్రం వాళ్ళే ఇంటికి పొమ్మన్నారు. అప్పటినుంచి అతను చూసిన ఊరు తడి సిమెంటు రంగులోనే ఉంది.

సంచి దించి దారం ఉండ తీశాడు. నీలిమందు పొడిలో దొర్లించాడు. ఒక చివర తాను పట్టుకుని రెండో చివర మాబున్నీ చేతికిచ్చాడు. మాబున్నీ వాళ్ళ పక్కింటామె. అతని కంటే నాలుగేళ్ళు చిన్న. ఆమె కళ్ళకు పొర ఉంది, నోటికి తాళం లేదు.

“గట్టిగా పట్టుకోమంటావా, మెత్తగానా? నోరు తెరిచి చెప్పు పెంచలన్నా. ఈయన నోట్లోంచి రెండో మాట రావాలంటే మొదటి మాట అరిగిపోవాల,” అని బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు చెప్పింది.

పెంచలయ్య దారాన్ని మధ్యలో పట్టి లాగి వదిలాడు. టప్పుమని గోడ మీద నీలం గీత పడింది. బస్సుస్టాపులో అందరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. ఒకరి జలపాతం మీద, ఒకరి మేనత్త మీద, ఒకరి దేవుడి మీద అదే గీత.

బొమ్మ కొలతకు గళ్ళు సగం కట్టేసరికి అతని కూతురు వచ్చింది. మస్తానమ్మకు యాభై నిండాయి. ఆ వార్డుకు గోడల మేస్త్రీ ఆమే. బస్సుస్టాపులోవాళ్ళు పెట్టిన ఫిర్యాదు నేరుగా ఆమెకే వెళ్ళింది. మచ్చ పెట్టింది ఎవరో చూడకముందే ఆమెకు తెలిసిపోయినట్టుంది, గోడను చూడకుండా తండ్రినే చూస్తూ వచ్చింది.

“ఏంది నాయనా ఇది?”

“గళ్ళు.”

“గళ్ళని నాకు తెలవదా. ఏం గీసేదానికి?”

“రొట్టె.”

ఇంకేమన్నా చెప్తాడేమో అని కాసేపు నిలబడింది. అతను వంగి దారం ఎత్తాడు. ఎత్తేటప్పుడు కుడిచెయ్యి వణికింది. ఆ వణుకు ఈ యేడే మొదలయింది. పొద్దుటి పూట తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నానికి గ్లాసు పట్టుకోనివ్వదు. మస్తానమ్మ ఆ వణుకు చూసింది. వచ్చే యేడు ఈ చేత్తో గీత నిలవదని అతనికెంత తెలుసో ఆమెకూ అంతే తెలిసింది.

“చూస్తే చెరపాల,” అంది చివరికి. “చూడకపోతే చెరపక్కర్లే. రొట్టెల పండగ ఆఖరిరోజు దాకా ఈ కట్ట మీద తలొంచుకోని పోతా. ఆరోజు సాయంత్రం తలెత్తుతా. ఆ తర్వాత నన్ను ఏమీ అడగబాక.”

తల వంచుకునే వెళ్ళిపోయింది. మాబున్నీ వెనకనుంచి, “తాను మేస్త్రీ, అబ్బ దొంగ, బలే ఇల్లు,” అంది.

*

ఇంట్లో మంచం కింద ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంది. నీళ్ళకు వేసే గొట్టం ముక్క, రెండు వైపులా గుడ్డ కుక్కి మూసింది. అందులో ఒక కేలండరు కాగితం. వెనకవైపు తెల్లగా ఉంటుందని ఆ రోజుల్లో చిత్తుబొమ్మలన్నీ అతను కేలండరు వెనకే వేసుకునేవాడు. మిగతావన్నీ పోయాయి. ఇదొక్కటే మిగిలింది.

మోకాటి లోతు నీళ్ళలో ఒక ఆడమనిషి. తడిసిన కొంగు తల మీద. పొట్టి మనిషి, చామనచాయ కంటే ఒక వన్నె తక్కువ. పైపెదవి మీద గాటు, చిన్నప్పుడు రోలు మీద పడితే తగిలింది. కుడిచెయ్యి ముందుకు చాపి ఉంది, చేతిలో రొట్టె. చిటికెనవేలు రొట్టె అంచు కింద లోపలికి వంగి ఉంటుంది. ఆమె ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. తలకాయ ఉండాల్సిన చోట కోడిగుడ్డులాంటి సున్నా, భుజం గీత, చాచిన చేతికి రెండు గీతలు. అంతే. మొహం లేదు. ఆ సున్నాలో కాగితం నూగులేచి పలచబడిపోయింది. గీసి చెరిపి, గీసి చెరిపి అయింది అట్లా.

ఆ ఆడమనిషి చెంగమ్మ, పెంచలయ్య భార్య.

పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు కలగలేదు. ఒక యేడు పండగకు చెంగమ్మ చెరువులో దిగి సంతానం రొట్టె తీసుకుంది. ఆ పండగ సంగతి నెల్లూరివాళ్ళకు చెప్పక్కరలేదు. కోరిక ఉన్నవాళ్ళు నీళ్ళలో నిలబడి, అదే కోరిక తీరినవాళ్ళ దగ్గర రొట్టె తీసుకుని తింటారు. తమ కోరిక తీరాక మళ్ళీ వచ్చి ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇస్తేనే పూర్తయినట్టు. ఆ రోజుల్లో చెరువంతా కేకలే. పెళ్ళి రొట్టె ఎవరికి, ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గర, ఇల్లు రొట్టె ఇటు రండమ్మా అని చేపల బజారు లాగా ఉండేది. చెంగమ్మకు ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రొట్టె ఇచ్చి, సగం తడిసిన కొంగుతోనే ఆమె తల తుడిచి వెళ్ళిపోయింది. మరుసటి యేటికి మస్తానమ్మ పుట్టింది. దర్గాకు మొక్కి కన్నవాళ్ళు పెట్టే పేరే బిడ్డకు పెట్టుకున్నారు.

తిరిగి రొట్టె ఇవ్వడం మాత్రం కుదరలేదు. పుట్టిన యేడు బిడ్డకు జ్వరం. బిడ్డ నడిచాక చేత్తో పట్టుకుని తీసుకుపోదామనుకున్నారు. ఒక యేడు పెన్నకు వరద. ఇంకో యేడు ఊళ్ళో రోగం, జనం గుమిగూడకూడదన్నారు. అట్లా అట్లా జరిగిపోయింది. ఆ తర్వాత చెంగమ్మే మంచం పట్టింది.

ఆ మంచం మీదే చిత్తుబొమ్మ వేశాడు. లేచి నిలబడలేని మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, రొట్టె బదులు అన్నం గిన్నె మూత పట్టుకుని చెయ్యి చాపింది. చెయ్యి నొప్పెడితే దించేది, మళ్ళీ చాపేది. బుగ్గలు అప్పటికే లోపలికి పోయాయి. అతను మాత్రం జబ్బుకు ముందటి మొహమే గీశాడు. ఆ మొహం అతనికి చూడకుండానే వచ్చు.

“కట్ట మీది గోడకి వేసెయ్యి, అందరూ చూసేచోట,” అంది చెంగమ్మ. “నేను ఇచ్చినట్టే.”

ఎవరికి ఇస్తున్నట్టు వెయ్యాలని అతను అడిగాడు.

“నాకు ఇచ్చినామె నాకు తెలుసునా? తెలియనోళ్ళకే గదా రొట్టె ఇచ్చేది.”

ఇబ్బంది అక్కడే వచ్చింది. పెంచలయ్య తెలిసిన మొహాలు చూసి గీసేవాడు. గోడ మీద దేవుడు వేయాల్సి వచ్చినా ఎవరో ఒకరి ముక్కు పెట్టేవాడు. ఆ సున్నాలో మొదట తన అక్క మొహం వచ్చింది, చెరిపాడు. మాబున్నీ వచ్చింది, చెరిపాడు. ఆసుపత్రిలో మందులిచ్చే ఆమెను వేశాడు. ఆమె రోజూ చెంగమ్మతో మాట్లాడుతుంది, తెలియని మనిషి ఎట్లా అవుతుంది? చెరిపాడు. గీయాలంటే తెలిసి ఉండాలి. ఇవ్వాలంటే తెలియకుండా ఉండాలి. రెండూ ఒక్క మొహంలో కుదరలేదు.

ఆ యేడే గోడలన్నీ మూగపోయాయి. చెంగమ్మ కూడా పోయింది.

మస్తానమ్మకు అప్పుడు తొమ్మిదేళ్ళు. చివరి రోజుల్లో తల్లి మొహం చూసి జడుసుకుని మాబున్నీ ఇంట్లో పడుకునేది. ఆ మరుసటి యేడు బడిలో పిల్లలందరికీ పొరలు అంటించారు. ఇంటికి రాగానే తన గది గోడకు కూడా ఆ రంగు వేయమని, అమ్మను పెట్టుకుంటానని అడిగింది. పెంచలయ్య వేశాడు. ఆ గోడ మీద అతను ఎప్పుడో వేసిన కొంగల బారు ఉండేది. దాని మీద తన చేత్తోనే మూగరంగు రెండు పూతలు పూశాడు. తర్వాత చెదలు తినేసిన రెండు మూడు ఫొటోలనుంచి పొర చెంగమ్మను తీసి గోడ మీద నిలబెట్టింది. ఆ రోజు బిడ్డ ఏడవకుండా పడుకుంది. అతను గడప దగ్గర కూర్చుని ఖాళీ గోడను చూశాడు. బిడ్డ నిద్రపోయింది, అది చాలనుకున్నాడు.

ఆ తర్వాత బతుకంతా ఊరి గోడలకు మూగరంగు వేసే పనే చేశాడు. వేరే పని లేదు.

*

రంగులు అమ్మేచోటు లేదు. ఎర్రమట్టి తెచ్చి నూరాడు. సున్నం నానబెట్టాడు. పసుపు, నీలిమందు, దీపపు మసి, తుమ్మజిగురు. పాతరోజుల్లో పెద్దపెయింటర్లు వేళాకోళం చేసే రంగులే ఇవి, పల్లెల్లో ఎన్నికల గుర్తులకు వాడేవి. పొద్దున్నే చెయ్యి నిలిచినంతసేపు వేసి, వణుకు రాగానే దిగిపోయేవాడు.

ముందు నీళ్ళు వేశాడు. తర్వాత చీర. తర్వాత చెయ్యి, రొట్టె. మొహం చివర్లో. మొదటి రోజుల్లో ఫిర్యాదులు బాగానే వచ్చాయి. మేనత్త ఒళ్ళో ఎవరో నీళ్ళు పోశారని ఒకటి. అవన్నీ మస్తానమ్మకు వెళ్ళాయి. ఆమె తల వంచుకుని తిరిగింది.

చీర వేసిన మరునాడు ఒకటి జరిగింది. జలపాతం అమ్మాయి బస్సు కోసం వచ్చి, గోడను చూసి, పక్కన ఉన్న మేనత్త మనిషిని అడిగింది, ఆమె మీకూ కనిపిస్తా ఉందా అని. ఉందన్నాడాయన. నీలం చీరేనా అంది. నీలమే అన్నాడు. వాళ్ళు రోజూ అదే బస్సు ఎక్కేవాళ్ళు, ఒకరితో ఒకరు మాట్లాడింది అప్పుడే. ఇంకో రోజుకు అక్కడ చిన్న తగువు కూడా నడిచింది. అది గోధుమరొట్టె అని ఒకరు, జొన్నరొట్టె అని ఒకరు. మొహం వేశాక తగువు పెద్దదయింది. ఆమె కోపంగా ఉందని కొందరు, నవ్వబోతూ ఉందని కొందరు. మధ్యలో ఒక బస్సు వచ్చి వెళ్ళిపోయింది, ఎవరూ ఎక్కలేదు. నిచ్చెన మీద పెంచలయ్య వెనక్కి తిరగకుండా ఇదంతా విన్నాడు. పాతరోజుల్లో గోడ కింద జనం ఇట్లాగే వాదులాడుకునేవాళ్ళు. ముక్కు వంకర పోయిందని, చెయ్యి పొడుగైందని. అప్పుడు చిరాకు పడేవాడు. ఇప్పుడు కుంచె రంగులో ముంచడం మరిచి వింటూ ఉండిపోయాడు.

రెండో మనిషి చోటు మాత్రం అట్లాగే ఉంది. చుట్టూ నీళ్ళు వేసేసరికి మధ్యలో మనిషి ఆకారంలో మూగరంగు మిగిలింది. బొగ్గు తీసుకుని ఎన్నిసార్లు నిలబడ్డా తెలిసిన మొహాలే చేతికి వస్తున్నాయి.

మాబున్నీ పండగకు రెండు రోజుల ముందు టీ తీసుకుని వచ్చింది. గోడను చూసి టీ ఇవ్వడం మరిచిపోయింది.

“చెంగమ్మే,” అంది. “ఆ పెదివి గాటు గూడా వదల్లేదే నువ్వు.”

తర్వాత ఖాళీ వైపు చూసి ముక్కు మీద వేలేసుకుంది. కాసేపటికి గానీ పెంచలయ్యకు సంగతి అర్థం కాలేదు. ఆ ఖాళీ మూగరంగుది. పొర ఉన్నవాళ్ళ కళ్ళకు అది ఖాళీ కాదు. ఎవరి పొర వాళ్ళకు కావలసిన మనిషిని తెచ్చి ఆ ఆకారంలో నిలబెడుతోంది. మాబున్నీకి చనిపోయిన భర్త ఖాదరు కనిపించాడు.

“లుంగీ తడుపుకోని నిలబడుకోని ఉండాడు ముదనష్టపోడు. బతికుండంగా ఒక్క పండక్కి చెరువులో దిగింది లేదు,” అంది. కళ్ళు తుడుచుకోలేదు, తుడిస్తే పొర జారుతుందని.

బస్సుస్టాపు వాళ్ళకు ఆ సంగతి ముందే తెలుసు. అందుకే జనం పెరిగారు. మేనత్త లేచి వచ్చి చెయ్యి చాపి నిలబడిందట. ఆ మేనత్త మనిషి బొమ్మ ముందు చెప్పులు విడిచి నిలబడుతున్నాడు. పెంచలయ్యకు అది మంచో చెడో తేలలేదు. అతనికి అక్కడ కనిపించేది తాను నింపలేకపోయిన చోటే.

*

ఆఖరి రోజు చెరువు నిండా జనం. అయినా చప్పుడు లేదు. ఎవరికి ఏ రొట్టె కావాలో, ఎవరి దగ్గర ఏ రొట్టె ఉందో ముందుగానే పొరకు చెప్పుకుంటారు. గట్టు గోడ మీద బాణం గుర్తు చూపిస్తుంది, దాన్ని పట్టుకుని పోయి తీసుకుంటారు. కేకలతో పని లేదు. రొట్టె ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే పని అయిపోతోంది. నీళ్ళు కాళ్ళకు కొట్టుకునే చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

పొద్దు వాలుతుండగా మస్తానమ్మ వచ్చింది. ఒక చేతిలో మూగరంగు డబ్బా, ఇంకో చేతిలో వెడల్పు కుంచె. పెంచలయ్య గోడ కింద రాతి మీద కూర్చుని ఉన్నాడు. మాబున్నీ పక్కన కూర్చుని రొట్టె తుంచుకుని తింటోంది. మస్తానమ్మ డబ్బా కింద పెట్టి, మాట ఇచ్చినట్టుగానే తలెత్తింది.

చాలాసేపు చూసింది. కుంచె చేతిలోనుంచి డబ్బా మీదికి జారింది. ఆమె తీసుకోలేదు.

“నేను చెరపను నాయనా,” అంది. “పైవాళ్ళతో నేను మాట్లాడుకుంటా. ఊరంతా చూస్తా ఉంటే మచ్చ అనేదానికి వాళ్ళకి మాత్రం నోరెట్ట వస్తాది.”

పెంచలయ్య తలూపాడు. మస్తానమ్మ గోడకు దగ్గరగా వెళ్ళి వేలు చాపి చూపించింది. ఆ వేలు చూపిస్తున్నది రంగు వేసిన వైపు కాదు. ఖాళీ వైపు.

“అమ్మ ఎంత బాగుండాది. చెయ్యి ఎట్ట చాపిందో చూడు. నాకోసమే గదా ఆ రొట్టె తీసుకునింది.” తండ్రివైపు తిరిగింది. “ఇచ్చే ఆమె ఎవురు నాయనా? ఆ యేడు అమ్మకి రొట్టె ఇచ్చినామేనా? ఇన్నేళ్ళయినా ఆమె మొగం నీకు గుర్తుండాదా?”

మాబున్నీ చేతిలో రొట్టె ముక్క నోటిదాకా పోకుండా ఆగిపోయింది. ఏదో అనబోయింది. పెంచలయ్య ఆమెవైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది.

అతను రాతి మీదనుంచి లేచాడు. బతుకులో ఎవరినీ పెద్దగా ఏమీ అడగని మనిషి, కూతుర్ని అడిగాడు.

“మీ అమ్మ ఎట్టుంది?”

మస్తానమ్మ గోడ చూస్తూ చెప్పింది. పొడుగ్గా ఉంది, ఇచ్చే ఆమె కంటే తలకాయంత ఎత్తు. పసుపు రాసుకున్నట్టు వన్నె. నిండు బుగ్గలు. పెదవి మీద చిన్న గీత కూడా లేదు. చేతి వేళ్ళు సన్నగా, తిన్నగా ఉన్నాయి. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, ఇప్పుడూ నవ్వుతూనే ఉంది. చెప్తుంటే ఆమె మొహం పదేళ్ళ పిల్ల మొహంలాగా అయింది.

పెంచలయ్య వింటూ ఆ గది గోడను తలుచుకున్నాడు. ఆ పిల్ల తల్లి పీక్కుపోయిన బుగ్గలు చూసి కళ్ళు తిప్పుకుని ఉంటుంది. పొర బుగ్గలు నింపింది. పెదవి గాటు మీద కన్ను ఆగక జారి ఉంటుంది. గాటు మాసిపోయింది. నవ్వు దగ్గర ఆగింది, నవ్వు పెరిగింది. ఒక్కరోజులో జరిగింది కాదు. నలభై ఏళ్ళు, రోజుకొక పోగు చొప్పున. ఎవరూ మోసం చేయలేదు. బిడ్డ ఏది కావాలంటే పొర అది ఇచ్చింది. తల్లిని రోజూ చూసుకుంటూనే పోగొట్టుకుంది. ఆ గోడకు రంగు వేసింది తానే. మాబున్నీ ఎన్నడూ చెంగమ్మను చూపమని పొరను అడిగింది లేదు, అందుకే చూడగానే గుర్తుపట్టింది.

“పొర తియ్యి,” అన్నాడు.

“ఇప్పుడా?”

మస్తానమ్మ పక్కకు తిరిగి, రెప్ప పైకెత్తి ఒక పొర తీసింది, తర్వాత రెండోది. చిన్న డబ్బీలో వేసి మూత పెట్టింది. వెలుతురుకు కళ్ళు చికిలించి గోడవైపు తిరిగింది.

దర్గా మలుపు దాకా తడి సిమెంటు రంగు. అంత పొడుగు గోడ మీద ఉన్నది ఒక్క మనిషే. ఆమె ఎదురుగా ఎవరూ లేరు. మస్తానమ్మ మొదట ఆ ఖాళీనే చూసింది. అక్కడినుంచి చూపు తిప్పడానికి కొంతసేపు పట్టింది. తర్వాత ఆ పొట్టి మనిషిని చూసింది. కొంగు, పెదవి, గాటు. మెల్లగా కిందికి వచ్చి రొట్టె పట్టిన చెయ్యి దగ్గర ఆగింది. రొట్టె అంచు కింద లోపలికి వంగిన చిటికెనవేలు.

డబ్బీ పట్టుకున్న తన చెయ్యి చూసుకుంది. పొర మనుషుల్ని ముట్టుకోదు. ఆమె చిటికెనవేలు పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే, లోపలికి వంగి ఉంది.

చెరువులో జనం ఒక్కొక్కరే గట్టెక్కుతున్నారు. తడిబట్టల నీళ్ళు మెట్ల మీద కారుతున్నాయి. మాబున్నీ లేచి, మస్తానమ్మ వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది.

“నేను గుర్తుపట్టలే నాయనా,” అంది మస్తానమ్మ. “అమ్మను ఎవురని అడిగినా.”

పెంచలయ్య కూతురి మొహాన్ని చూస్తూ నిలబడ్డాడు. యాభై ఏళ్ళుగా ఎరిగిన మొహం, కళ్ళు మూసుకుని గీయగలడు. అయినా గోడ మీది మనిషికి మాత్రం అది పరాయి మొహమే. ఇందాకటి ప్రశ్నతో ఆ సంగతి తేలిపోయింది. ఒక్క మొహంలో ఎన్నేళ్ళయినా కుదరని రెండూ ఇప్పుడు అతని ఎదురుగా నిలబడి ఏడుస్తున్నాయి.

సంచిలో చెయ్యి పెట్టి బొగ్గు తీశాడు. కూతుర్ని రెక్క పట్టుకుని తీసుకుపోయి గోడకు పక్కగా, ఆ ఖాళీ పక్కన, చెంగమ్మకు ఎదురుగా నిలబెట్టాడు.

“తెలియనోళ్ళకే గదా రొట్టె ఇచ్చేది,” అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. “చెయ్యి చాపు.”

మస్తానమ్మ చాపింది. అతని చెయ్యి వణుకుతోంది. పొద్దు వాలింది, మామూలుగా అయితే ఈ వేళకు ఆ చెయ్యి గ్లాసు కూడా పట్టదు. ఎడంచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

“కదలబాక,” అన్నాడు.

బొగ్గు గోడకు ఆనించి, మొదట చిటికెనవేలు గీశాడు.